నేనెవరో చెప్పుకోండి చూద్దాం!

ముందు ఒక ఇంటికి వెళ్దాం రండి. ముందు గదిలో మంచం వేసి ఉంది. మంచం మీద ఒకాయన దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. 42 ఏళ్లు. తల మీద కుట్లు మానాయి. జుట్టు మళ్లీ మొలుస్తోంది. రెండు నెలల క్రితం బండి మీంచి పడ్డాడు. ఆ రోజు హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఆ సంగతి ఇవాళ ఎత్తను.

ఆయన టైలరు. బజారులో చిన్న కొట్టు. ఆ ఇల్లు ఎవరిదో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. మిగతాదంతా జరిగిందే.

ఆయన నడుస్తాడు. మాట్లాడతాడు. అన్నం తనే కలుపుకుని తింటాడు. చూసినవాళ్లు బాగానే కోలుకున్నాడే అంటారు. కానీ పది నిమిషాల క్రితం ఎవరొచ్చి వెళ్లారో చెప్పలేడు. చిన్ననాటి సంగతులు భద్రంగా ఉన్నాయి. దెబ్బ తగలడానికి ముందు మూడేళ్లు మాత్రం చెరిగిపోయాయి. కొత్తగా విన్నదేదీ నిలవడం లేదు.

చుట్టాలు వస్తారు. బత్తాయిలో, బ్రెడ్డు ప్యాకెట్టో పట్టుకుని వస్తారు. కుర్చీ లాక్కుని కూర్చుంటారు. కూర్చోగానే మొదటి మాట ఏమిటో మీరే చెప్పగలరు.

"ఏం బావగారూ, నేనెవరో చెప్పుకోండి చూద్దాం!"

ఆ వచ్చినాయన టైలరు చెల్లెలి భర్త. పెళ్లయి రెండేళ్లయింది. అంటే ఆ పెళ్లి, చెరిగిపోయిన మూడేళ్లలో ఉంది. టైలరు ఆయన ముఖంలోకి చూశాడు. చొక్కా చూశాడు. జేబులో పెన్ను చూశాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు.

"కరెంటాఫీసు నుంచి కదూ? మీటరు చూడ్డానికి వచ్చావా?"

గదంతా ఘొల్లున నవ్వింది. "మీటరేంటి బావగారూ, నేను మీ చెల్లెలి మొగుణ్ణి!" అని ఆయనా నవ్వాడు. టైలరు కూడా నవ్వాడు, మిగతావాళ్లు నవ్వుతున్నారు కాబట్టి. చెల్లెలు మాత్రం వంటింట్లోకి వెళ్లి కళ్లొత్తుకుంది.

మర్నాడు అదే బావ మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "మీటరబ్బాయివి." మూడో రోజూ అంతే. ఇంకా గట్టిగా వచ్చింది. అసలు బంధుత్వం మూడుసార్లు చెప్పారు, అది నిలవలేదు. తను తడబడి అన్న తప్పు మాట నిలిచిపోయింది.

ఇవాళ ఈ ఇరవై నిమిషాలూ నేను చెప్పేది ఈ చిక్కు గురించే. తప్పు ఎందుకు నిలిచింది? ఒప్పు ఎందుకు నిలవలేదు? దానికి ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి? చెయ్యవలసింది రెండు మాటల్లో ఇప్పుడే చెప్పేస్తాను, చివరి దాకా దాచిపెట్టను. అడగొద్దు. ముందు మీరే చెప్పండి.

సరే, తలకి దెబ్బ తగిలితే లోపల ఏమవుతుంది? గిన్నెలో జున్ను ఉందనుకోండి. గిన్నెని ఒక్కసారి గట్టిగా కుదిపితే జున్ను అంచుల దగ్గర చితుకుతుంది. పుర్రెలో మెదడూ అంత మెత్తగానే ఉంటుంది. పుర్రె లోపలి అడుగు నున్నగా ఉండదు. నుదురు వెనకా, కణతల దగ్గరా గరుకు గరుకుగా ఎముక మొనలుంటాయి. బండి ఆగినా మెదడు ఆగదు. వెళ్లి వాటికి రాసుకుంటుంది. జ్ఞాపకాలని పట్టి ఉంచే చోటు కణతల లోపలే ఉంది. అందుకే కాళ్లూ చేతులూ బాగున్నా, జ్ఞాపకం దెబ్బ తినొచ్చు.

ఇక్కడొక సంగతి ఉంది. జ్ఞాపకం అని మనం ఒకే పేరు పెట్టాం గాని, అది ఒకటి కాదు.

నిన్న రాత్రి ఏం కూర తిన్నారు? మొన్న పెళ్లికి ఎవరెవరు వచ్చారు? ఇది ఒక రకం. జరిగినదాన్ని జరిగినట్టు తలుచుకోవడం. సైకిలు తొక్కడం, జడ అల్లడం, గోంగూర ఆకు గిల్లడం రెండో రకం. ఇది తలుచుకుంటే వచ్చేది కాదు. చేస్తుంటే వచ్చేది. చేతికి తెలుసు, కాలికి తెలుసు. ఎప్పుడు నేర్చుకున్నారని అడిగితే మనకే తెలియదు.

మన టైలరుకి పోయింది మొదటి రకం. రెండోది చెక్కు చెదరలేదు. కుట్టు మిషను ముందు కూర్చోబెడితే కాళ్లు వాటంతట అవే తొక్కాయి. సూదిలోకి దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కింది. కాలరు కుట్టాడు. ఇంట్లోవాళ్లు ఏడుస్తూ నవ్వారు. కాసేపటికి ఆ చొక్కా ఎత్తి చూపించి ఎవరు కుట్టారని అడిగితే, "ఎవరో గాని పని తెలిసినవాడే" అన్నాడట.

ఈ రెండో రకం జ్ఞాపకాన్ని చూపించే పాత ముచ్చట ఒకటుంది. జెనీవాలో ఎడ్వర్డ్ క్లాపరేడ్ అని ఒక డాక్టరు ఉండేవారు. ఆయన దగ్గర ఒకావిడ ఉండేది. డాక్టరుని రోజూ చూసినా కొత్తమనిషిలాగే పలకరించేది. ఒకసారి ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆవిడతో కరచాలనం చేశారు. గుచ్చుకుంది. కాసేపటికి ఆవిడ అది మరిచిపోయింది. ఆయన మళ్లీ చెయ్యి చాపారు. ఆవిడ చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కుంది. ఎందుకమ్మా అంటే చెప్పలేకపోయింది. మనసులో లేదు. చేతిలో ఉంది. ఇది ఆయన 1911లో రాసి ప్రచురించారు. ఈ రోజుల్లో ఎవరైనా ఆ పని చేస్తే ముందు వాళ్ల ఉద్యోగం ఊడుతుంది, అది వేరే సంగతి.

ఈ రెండో జ్ఞాపకానికి బలముంది. ఒక లోపమూ ఉంది. దానికి తప్పొప్పులు తెలియవు. జరిగినదేదో దాన్ని గట్టి చేసుకుంటూ పోతుంది, అంతే. ఒప్పు జరిగితే ఒప్పు గట్టిపడుతుంది. తప్పు జరిగితే తప్పు గట్టిపడుతుంది.

మనకి ఈ ఇబ్బంది ఎందుకు రాదు? పలక తలుచుకోండి. పలక మీద తప్పు రాస్తాం. తడిగుడ్డతో తుడుస్తాం. గుడ్డ లేని పిల్లలు అరచేత్తో తుడిచేవారు, ఉమ్ముతో కూడా తుడిచేవారు, నేనూ తుడిచాను. తుడిచి మళ్లీ రాస్తాం. ఆ తుడిచే గుడ్డ ఏమిటంటే, "నిన్న ఇలా అన్నాను, అది తప్పని చెప్పారు" అన్న జ్ఞాపకం. మొదటి రకం జ్ఞాపకం. మన టైలరుకి పలక ఉంది, బలపం ఉంది. తుడిచే గుడ్డ పోయింది. రాసిందల్లా అలా ఉండిపోతుంది. మీటరబ్బాయి అని ఒకసారి రాయించింది మనమే.

అందుకే అంటున్నాను. తుడిచే గుడ్డ లేని మనిషి చేత తప్పు రాయించకూడదు. అడిగితే ఊహిస్తాడు. ఊహిస్తే తప్పు రావచ్చు. వచ్చిన తప్పు ఉండిపోతుంది. అడగొద్దు. ముందు చెప్పండి.

ఇది నా సొంత తెలివి కాదు. దీన్ని పరీక్షించి నిలబెట్టినవాళ్లలో ముఖ్యురాలు బార్బరా విల్సన్. ఇంగ్లండు ఆవిడ. పెళ్లయి, ముగ్గురు పిల్లలు పుట్టాక రెడింగ్ యూనివర్సిటీలో డిగ్రీ చదివారు. తర్వాత లండన్‌లో క్లినికల్ సైకాలజీ. మొదట్లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లతో పని చేశారు. 1979లో ఆక్స్‌ఫర్డ్‌లోని రివర్‌మీడ్ పునరావాస కేంద్రంలో చేరారు. తలకి దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు అక్కడికి వచ్చేవారు. ఆ పనే ఆవిడ జీవితమైపోయింది. ప్రయోగాలు చేశారు, పుస్తకాలు రాశారు, 1991లో ఈ విషయానికే ఒక పత్రిక మొదలుపెట్టారు. 1996లో కేంబ్రిడ్జ్ దగ్గర ఈలీ అనే చిన్న ఊళ్లో ఒక కేంద్రం స్థాపించారు. దానికి ఆలివర్ జాంగ్‌విల్ పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో తలకి గాయాలైన సైనికులతో ఎడిన్‌బరోలో పని చేసిన సైకాలజిస్టు ఆయన.

ఆవిడ పనిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అప్పట్లో జ్ఞాపకశక్తి పరీక్ష అంటే ఏమిటి? సంబంధం లేని మాటలు పదిహేను చదివి, మళ్లీ చెప్పమనడం. బాగానే ఉంది. కానీ ఇంటికెళ్లాక ఎవరైనా పదిహేను మాటలు వరసగా అప్పజెప్పమంటారా? పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాడా లేదా, అది కావాలి మనకి. విల్సన్, ఆవిడ తోటివాళ్లు కలిసి 1985లో కొత్త పరీక్ష తెచ్చారు. రోగి దగ్గర నుంచి దువ్వెన లాంటి వస్తువొకటి తీసుకుని, అతను చూస్తుండగానే దాచిపెడతారు. చివర్లో అడిగి తీసుకోవాలని చెబుతారు. అడుగుతాడా? ఒక అలారం పెట్టి, అది మోగినప్పుడు నన్ను ఫలానా ప్రశ్న అడగండి అంటారు. అడుగుతాడా? గదిలో ఇలా నడిచి, ఈ కవరు అక్కడ పెట్టండి అంటారు. పెడతాడా? ఇంట్లో రోజూ పడే అవస్థలే, ఒక బల్ల చుట్టూ. ఈ పరీక్షకి రివర్‌మీడ్ పేరే ఉంది. ఇప్పటికీ వాడుతున్నాం.

సరే, మళ్లీ మన ప్రశ్నకి వద్దాం. తప్పు చెయ్యనివ్వకుండా నేర్పడం అన్న ఆలోచన నిజానికి పావురాల దగ్గర పుట్టింది. అమెరికాలో హెర్బర్ట్ టెరస్ అనే శాస్త్రవేత్త 1963లో పావురాలకి ఎర్రదీపాన్ని పొడవాలని, పచ్చదీపాన్ని పొడవకూడదని నేర్పారు. పచ్చదీపాన్ని మొదట్లో వెలిగీ వెలగనట్టు, క్షణకాలం చూపించి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయారు. పావురాలు దాదాపు తప్పు చెయ్యకుండానే నేర్చుకున్నాయి. ఆ పద్ధతి తర్వాత బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల చదువులోకి వచ్చింది. విల్సన్ ఆ పిల్లల దగ్గర నుంచే వచ్చారు కదా, ఆవిడకి అది తెలుసు. ఇటు, చేతికి తెలిసి మనసుకి తెలియని జ్ఞాపకం గురించీ తెలుసు. ఈ రెండూ ఒకేచోట కలిశాయి.

1994లో అలాన్ బాడ్లీతో కలిసి ఆవిడ ప్రచురించిన ప్రయోగాన్ని మన భాషలోకి మార్చి చెబుతాను. "క అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల మాట అనుకున్నాను. ఏమిటో ఊహించండి" అంటారు. రోగి కడవ అంటాడు. కాదు. కలప అంటాడు. కాదు. నేననుకున్నది కలువ, రాసుకోండి అంటారు. ఇది ఒక పద్ధతి. రెండో పద్ధతిలో ఊహించమనరు. "క తో మొదలయ్యే మాట అనుకున్నాను, అది కలువ, రాసుకోండి" అంటారు. అంతే తేడా. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు 16 మంది, కుర్రవాళ్లు 16 మంది, పెద్దవయసువాళ్లు 16 మంది ఇందులో పాల్గొన్నారు. మామూలువాళ్లకి ఎలా నేర్పినా పెద్ద తేడా లేదు. దెబ్బతిన్నవాళ్లకి మాత్రం స్పష్టంగా తేడా వచ్చింది. ఊహించమన్నప్పుడు కడవా కలపా వదల్లేదు. ముందే చెప్పినప్పుడు కలువ నిలిచింది.

ఇది చదివినప్పుడు నాకు అక్షరాభ్యాసం గుర్తొచ్చింది. మనం అక్షరం ఎలా నేర్చుకున్నాం? "అ ఎలా ఉంటుందో ఊహించి రాయి" అని ఏ మాస్టారైనా అన్నారా? పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని రాయించారు. పలక మీద ఆయనే అక్షరం రాసి, దాని మీద దిద్దమన్నారు. అదే గీత మీద మళ్లీ, మళ్లీ. అక్షరం లావెక్కి పలకంతా తెల్లబడే దాకా. తర్వాత చుక్కలు పెట్టి కలపమన్నారు. తర్వాత చుక్కలూ తీసేశారు. చెయ్యి పట్టుకున్నది మాస్టారే గాని, రాసింది మన వేలే. దిద్దించడం అని ఎంత చక్కని మాట ఉంది మనకి! ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికున్న పేరు పలకడానికే నోరు తిరగదు.

ఇదే సంగతి టైలరు భార్యకి చెప్పాను. పలక, దిద్దడం, తుడిచే గుడ్డ, అన్నీ చెప్పాను. ఆవిడ కాసేపు విని అంది, "అంటే ఆది ఇచ్చి కుట్టించడమన్న మాట." నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. జాకెట్టు కుట్టమని వచ్చినవాళ్లు ఆది జాకెట్టు తెచ్చి ఇస్తారు. దాని మీద పెట్టి కొలిచి కత్తిరిస్తారు. అంచనా మీద కత్తెర వెయ్యరు. "కత్తెర పడ్డాక గుడ్డ మళ్లీ అతకదు కదండీ" అంది. నా పలక కంటే ఆవిడ ఆది బాగుంది. అప్పటి నుంచి నేనూ అదే వాడుతున్నాను.

మరి ఇంట్లో ఆది ఎలా ఇవ్వాలి? మొదటిది, పలకరింపు. గదిలోకి వస్తూనే, ఆయన నోరు తెరవక ముందే, మీరెవరో మీరే చెప్పాలి. "బావగారూ, నేను మీ చెల్లెలి భర్తని" అని పేరు కూడా చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా ఆయన చేత ఆ మాట అనిపించాలి. "రా బావా" అనిపించాలి. రేపు కూడా అంతే. ఎల్లుండి కూడా అంతే. విసుగు మనకి వస్తుంది. ఆయనకి రాదు, ఆయనకి ప్రతిరోజూ మొదటి రోజే.

రెండోది, మాత్రలు. "మాత్ర వేసుకున్నావా?" ఇది మామూలు ప్రశ్న కదా అనుకుంటాం. కాదు. ఇది పరీక్షే. ఆయనకి జ్ఞాపకం లేదు. కానీ ఏదో అనాలి. "వేసుకున్నా" అంటాడు. అబద్ధం కాదది, ఊహ. నిజంగా వేసుకోకపోతే మాత్ర తప్పింది. లేదంటే "వేసుకోలేదు" అంటాడు, రెండోసారి వేస్తారు. దానికంటే గోడ మీద క్యాలెండర్ ఉంది కదా. పాల లెక్క రాసుకునే క్యాలెండర్. ఆ పక్కనే మాత్ర మింగిన వెంటనే ఆయన చేతే గీత పెట్టించండి. మాత్ర, మంచినీళ్లు, గీత. ఎప్పుడూ అదే వరస, అదే చోటు, అదే పెన్ను దారంతో కట్టి. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే ఆయన్ని కాదు, గోడని అడగండి.

మూడోది, కొత్త పని నేర్పడం. ఫోనులో అలారం ఆపడం అనుకోండి. "ఏదీ, నువ్వే కనుక్కో" అని చేతికివ్వొద్దు. నాలుగు చోట్ల నొక్కుతాడు, ఆ నాలుగూ వేలికి అలవాటవుతాయి. మీరే వేలు పట్టుకుని సరైన చోట నొక్కించండి. పదిసార్లు. తర్వాత పట్టు వదులు చెయ్యండి. తర్వాత వేలు ఆ పక్కకి చూపించండి చాలు. తర్వాత ఊరికే పక్కన కూర్చోండి. చెయ్యి తడబడి తప్పు దారి పడుతున్నట్టు కనిపిస్తే, పడకముందే పట్టుకోండి. పడ్డాక తిట్టడం కాదు.

ఒకటి మరిచిపోవద్దు. దిద్దించడం అంటే మనమే రాసెయ్యడం కాదు. చాలా ఇళ్లల్లో ప్రేమ కొద్దీ అదే జరుగుతుంది. చొక్కా బొత్తాలు కూడా భార్యే పెడుతుంది. అప్పుడు ఆయన చేతికి ఏమీ రాదు.

ఎప్పటికీ అడగకూడదా అంటే, అడగొచ్చు. జవాబు తప్పకుండా వస్తుందని మీకు నమ్మకం ఉన్నప్పుడు అడగండి. ఒక పేరు చెప్పారనుకోండి. అర నిమిషం ఆగి అడగండి. వస్తుంది. నిమిషం ఆగి అడగండి. రెండు నిమిషాలు. ఐదు. తడబడితే వెంటనే మీరే చెప్పేసి, మళ్లీ దగ్గర దగ్గరగా మొదలుపెట్టండి.

ఇక్కడ ఎవరైనా అనొచ్చు, డాక్టర్లు కూడా అడుగుతారు కదా అని. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, ప్రధానమంత్రి ఎవరు అని. అవును, అడుగుతారు. అది థర్మామీటరు. జ్వరం ఎంతుందో చూడ్డానికి థర్మామీటరు పెడతాం. రోజుకి ఇరవైసార్లు పెడితే జ్వరం తగ్గుతుందా?

ఈ మాట చెప్పే అర్హత నాకెలా వచ్చిందంటే, నేనే ఆ తప్పు చేశాను కాబట్టి. కొత్తగా చదువుకుంటున్న రోజులు. వార్డులో ఒక పెద్దాయన. రోజూ పొద్దున్నే వెళ్లి, "తాతగారూ, ఇవాళ ఏ వారం?" అని అడిగేదాన్ని. మొదటి రోజు ఆయన గురువారం అన్నారు. కాదండీ, సోమవారం అన్నాను. నేననుకున్నాను, రోజూ అడిగితే బుర్ర పదునెక్కుతుందని. మూడు వారాలు అడిగాను. మూడు వారాలూ గురువారమే. చివరికి ఆయన ఇంటికి వెళ్లే రోజున తలుపు దగ్గర నన్ను చూసి, నేను అడగకుండానే "గురువారం అమ్మా" అన్నారు. ఆ రోజు శనివారం. అంతకాలం నేను ఆయనకి ఏం నేర్పానో నాకు విల్సన్ పుస్తకాలు చదివే దాకా తెలియలేదు.

బుర్ర పదునెక్కడం అన్నాను కదా, అది చాలామందికి ఉన్న నమ్మకం. జ్ఞాపకశక్తి కండ లాంటిదని, వ్యాయామం చేస్తే పెరుగుతుందని. పోయిన జ్ఞాపకశక్తి అలా తిరిగి రాదు. పద్యాలు బట్టీ పట్టించినా రాదు. టీవీలో అమ్మే సీసాల వల్ల కూడా రాదు, ఆ డబ్బు పెట్టి ఒక పెద్ద గోడ గడియారం కొనండి. మొదటి నెలల్లో మెదడు దానంతట అది కొంత మానుతుంది, అది నిజం. ఆ పైన మనం చెయ్యగలిగేది, ఉన్న జ్ఞాపకానికి సరైన మేత వెయ్యడం, లేనిదానికి బయట చోటు చూపించడం.

బయట చోటు అంటే క్యాలెండర్, చీటీ, అలారం. దీన్ని కూడా విల్సన్ లెక్క కట్టి చూపించారు. కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు, తలకి దెబ్బ తగిలిన తన కొడుకు కోసం, ఒక సైకాలజిస్టుతో కలిసి ఒక ఏర్పాటు చేశాడు. ఆ రోజుల్లో నడుముకి పెట్టుకునే పేజర్లు ఉండేవి, గుర్తుందా? వేళకి అది మోగి, మాత్ర వేసుకో అనో, గేటు తాళం వెయ్యి అనో అక్షరాలు చూపించేది. దాన్ని విల్సన్ బృందం ఇంగ్లండులో 143 మందితో పరీక్షించింది. ఫలితాలు 2001లో వచ్చాయి. నూటికి 80 మందికి పైగా, పేజర్ ఉన్నప్పుడు తమ పనులు ముందుకంటే బాగా చేసుకున్నారు. గమనించండి, పేజర్ ఎవరినీ ఏమీ అడగదు. గుర్తుందా అని అడగదు. వేళకి చెబుతుంది. అంతే. ఇప్పుడు ఆ పేజర్ పనంతా మీ చేతిలో ఉన్న ఫోను చేస్తుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి, అవీ చెప్పాలి. కొంచెం మతిమరుపు ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు. తుడిచే గుడ్డ ఉన్నవాళ్లు తప్పు చేసి దిద్దుకుంటేనే బాగా నేర్చుకుంటారు, పిల్లల లెక్కల్లాగా. ఇంకోటి, ఇలా నేర్చుకున్నది ఇరుగ్గా ఉంటుంది. మీ ఇంటి గ్యాస్ పొయ్యి మీద నేర్చుకున్నది అత్తగారింట్లో పొయ్యి మీద పని చెయ్యకపోవచ్చు. అక్కడ మళ్లీ దిద్దించాలి. పోయిన మూడేళ్లూ కూడా దీనివల్ల తిరిగి రావు. ఆ టైలరు చెల్లెలి పెళ్లి ఆయనకి ఇక ఫోటోల్లోనే.

చాలా ఇళ్లల్లో ఇంకో మాట వింటాను. "కావాలనే చేస్తున్నాడండీ. చిన్నప్పటివన్నీ చెబుతాడు, నిన్నటిది చెప్పమంటే మాత్రం రాదంటాడు." చెప్పాను కదా, చిన్నప్పటివి ఎప్పుడో గట్టిపడ్డాయి. నిన్నటిది అసలు పడలేదు. నటించడానికి కూడా జ్ఞాపకం కావాలి. కోపం కూడా తొందరగా వస్తుంది ఆయనకి. నుదురు వెనక దెబ్బ తగిలితే కళ్లెం వదులవుతుంది. అందులో సగం కోపం ఈ పరీక్షల వల్లే. రోజుకి పదిమంది వచ్చి పది ప్రశ్నలడిగి, పదింటిలోనూ తప్పించి నవ్వితే, తలకి ఏ దెబ్బా తగలని మనకి మాత్రం కోపం రాదా?

ఇలాంటి సహాయం కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టుని అడగండి. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది, ఈ పనికి పేరున్న చోటు. అందరికీ అంత దూరం కుదరదు, తెలుసు. కానీ పలకరించడానికి వచ్చే బావగారికి మాట మార్చుకోమని చెప్పడానికి బెంగళూరు వెళ్లక్కర్లేదు. గుమ్మం దగ్గరే చెప్పొచ్చు. ఆ టైలరు భార్య అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించింది. "అడగవద్దు. మీ పేరు, వరస మీరే చెప్పండి." కొంతమంది చుట్టాలు మొహం ముడుచుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

ఆరు నెలల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో మంచం తీసేశారు. ఆ చోట కుట్టు మిషను వేశారు. కొట్టు తెరవలేదింకా, పని ఇంటికే వస్తోంది. ప్రతి గుడ్డకీ ఒక చీటీ పిన్ను పెట్టి ఉంది. చీటీ మీద పేరు, కొలతలు, ఇవ్వవలసిన తారీఖు. అన్నీ భార్య చేతిరాత. ఆయన చీటీ చూడకుండా గుడ్డ ముట్టుకోడు. ఆ అలవాటు పట్టడానికే రెండు నెలలు పట్టిందట.

నేనున్నప్పుడే చెల్లెలి భర్త వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. టైలరు తలెత్తి చూశాడు. పెదాలు కదిలాయి. "మీట..." అని మొదలుపెట్టాడు. ఆ మాట ఇంకా లోపల ఉంది, పోలేదు.

"బావగారూ, నేను మీ చెల్లెలి భర్తని" అని బావ గబగబా అందుకున్నాడు.

"రా బావా" అన్నాడు టైలరు. మిషను ఆపాడు. మెళ్లో టేపు తీశాడు. ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి బావ వెనక నిలబడి, భుజం మీద టేపు పరిచాడు.

"పద్దెనిమిది. రాసుకో" అన్నాడు భార్యతో. ఆవిడ అప్పటికే చీటీ తీసి, పైన పేరు రాసి పెట్టుకుంది.